సంపెంగ: పేరు, పుట్టుక

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఒక పల్లెటూరి గ్రంథాలయము ఇరువదియైదేండ్లు తలుపు మూయక నిలుచుట సామాన్య విషయము గాదు. ఈ శుభసమయమున నన్నును నాలుగు మాటలు చెప్పుమని పెద్దలు ఆదేశించిరి. నేను గురుముఖమున శాస్త్రము చదివినవాడను గాను. పగలు గ్రామపు లెక్కలు వ్రాసికొని, రాత్రులందు ఈ గ్రంథాలయపు బీరువాలోని అమరకోశమును, శబ్దరత్నాకరమును త్రిప్పి, తెలిసినంత తెలిసికొన్నవాడను. కావున నా తాహతుకు మించిన విషయములకు పోక, మనకందరకు నెఱుకయైన యొక పూవు పేరును ప్రసంగ విషయముగా గైకొంటిని. ఆ పూవు సంపెంగ.

పూవును ముడుచుకొనవలెను గాని దాని పేరును విచారింప నేల యని మీలో గొందఱకు దోచవచ్చును. లెక్కలు వ్రాయువానికి పేరు విలువ బాగుగ దెలియును. ప్రతి పొలమునకు సర్కారువారి సర్వే నంబరొకటి యుండును. ఊరివారు పిలుచుకొను పేరొకటి యుండును. "చింతలచేను" అని పిలుచు పొలమున నేడొక చింతచెట్టైనను లేకపోవచ్చును. కాని తాతలనాడచ్చట చింతతోపు గలదని ఆ పేరు సాక్ష్యము చెప్పుచున్నది. పేరు కూడ నొక దస్తావేజే. దానిని చదువ నేర్చినవానికి దూరదేశముల వృత్తాంతములు, పూర్వుల యూహలు, ఒక్కొకప్పుడు మన పొరపాట్లును అందు గానవచ్చును. సంపెంగ యను పేరట్టి దస్తావేజు.

మొదట మాట రూపమును జూతము. సంపెంగ యనునది సంస్కృతమందలి "చంపక" శబ్దమునకు వికృతి. ప్రాకృతభాషల మీదుగా వచ్చి తెలుగువాని నాలుక నెక్కునప్పటికి మొదటి చకారము సకారమైనది, కడపటి కకారము గకారమైనది. నిఘంటువులు దీనిని అరసున్నతో సంపెఁగ యని వ్రాయును, నిండుసున్నతో సంపెంగ, వాడుకలో సంపంగి. కన్నడమువారు సంపిగె యందురు. బెంగుళూరు మల్లేశ్వరమున సంపిగె పేరిట నొక పెద్దవీధియే కలదు. తమిళులు శెణ్బగ మనియు, మలయాళులు చెంపక మనియు, మహారాష్ట్రులు చాఫా యనియు, ఉత్తరాదివారు చంపా యనియు బిలుతురు. ఇన్ని నోళ్ల మారినను అది యొక్కటే మాటయని చిన్నపిల్లవాడు సైతము గుర్తింపగలడు.

ఇందొక చిత్రము గలదు. మన పెరటిలోనే యున్న చేమంతిని జూడుడు. అది "సేవంతిక" యొక్క వికృతి యని చెప్పుదురు. అక్కడ సకారము చకారమైనది. ఇక్కడ చకారము సకారమైనది. ఒకే దండలో గ్రుచ్చిన రెండు పూవులు అక్షరములను ఇచ్చిపుచ్చుకొన్నట్లున్నవి.

వికృతి యనగా చెడిపోయిన మాట యని కొందఱు, అరువు మాట యని కొందఱు చిన్నచూపు చూతురు. అది న్యాయము గాదు. సంస్కృతమున చంపక శబ్దమునకు వైయాకరణులు "గతి" యను నర్థము గల "చపి" ధాతువును మూలముగా జూపుదురు. గమనమునకును ఈ పూవునకును గల చుట్టఱికమేమో నాకు బోధపడలేదు. సంస్కృతమందలి వృక్షనామములలో బెక్కింటిని అరణ్యవాసుల నోటినుండి ఋషులు, కవులు గ్రహించియుందురని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. చెట్టు మొదట అడవివానిది; పేరును వాడే ముందు పెట్టియుండును. అడవినుండి కావ్యమునకు, కావ్యమునుండి మన వాకిటికి వచ్చిన మాటను పరాయిదన నెవరికి హక్కు గలదు?

అమరసింహుడు ఈ చెట్టునకు మూడు పేర్లు చెప్పినాడు: చాంపేయము, చంపకము, హేమపుష్పకము. దాని మొగ్గకు గంధఫలి యని వేఱొక పేరు. హేమపుష్పక మనగా బంగారు పూవు గలది. రంగునుబట్టి వచ్చిన పేరు. గంధఫలి యనగా గంధమే ఫలముగా గలది, వాసననుబట్టి వచ్చినది. చాంపేయ మనగా "చంప" యందు బుట్టినది; ఇది చోటునుబట్టి వచ్చినది. ఆ చంప యెక్కడిది?

అంగదేశపు రాజధాని చంపానగరము. నేటి బీహారు రాష్ట్రమున భాగల్పూరు చెంత నున్నది. కర్ణునకు దుర్యోధనుడిచ్చిన రాజ్యము అంగదేశమే. ఆ నగరమునకు బూర్వము మాలిని యని పేరుండె ననియు, చంపుడను రాజువలన చంప యయ్యె ననియు బురాణములు వచించును. బౌద్ధుల పాలి గ్రంథములలో ఆ నగరమునొద్ద గగ్గరా యను కొలను, దాని గట్టున చంపక వనము వర్ణితములైనవి. జైనులకు బండ్రెండవ తీర్థంకరుడైన వాసుపూజ్యుని జన్మస్థానమును, నిర్వాణస్థానమును అదియే. క్రీ.శ. 7వ శతాబ్దమున చీనా యాత్రికుడు హ్యూన్‌త్సాంగు దానిని దర్శించెను.

ఊరివలన చెట్టునకు బేరు వచ్చినదా, చెట్టువలన ఊరికి వచ్చినదా? చాంపేయ శబ్దము ఊరు ముందనుచున్నది. నా మతము వేఱు. ఈ చెట్టు ఒక యూరి సొత్తు గాదు. తూర్పు హిమాలయపు టడుగున, అస్సాము అడవులలో, పడమటి కనుమలలో దానంతట నది పెరుగును. వాల్మీకి కిష్కింధాకాండమున పంపాతీరపు వృక్షములలో చంపకమును బేర్కొనెను. బీహారులోనే చంపారన్ అను ప్రాంతము గలదు. 1917లో గాంధీమహాత్ముడు నీలిమందు రైతుల పక్షమున సత్యాగ్రహము సాగించిన పుణ్యస్థలమది. ఆ పేరు చంపకారణ్యమునుండి వచ్చినదే. ఛత్తీస్‌గఢ్‌లో రాయపూరు చేరువ నింకొక చంపారణ్యము గలదు. తెలుగు బ్రాహ్మణ కుటుంబమునకు జెందిన వల్లభాచార్యులవారు 1479లో నచ్చట జన్మించిరి. ఇన్ని చోట్ల అడవులకే ఈ పేరుండగా, అడవి చెట్టే ఊరికి బేరిచ్చియుండు నని నేను తలంచుచున్నాను. చింతలచేనికి చింతచెట్టు పేరిచ్చినట్లే గదా!

ఈ పేరు సముద్రమును దాటినది. చంపానగరపు వర్తకులు ఓడలెక్కి సువర్ణభూమికి బోవుచుండి రని జాతక కథలు చెప్పును. నేటి వియత్నాము దేశపు మధ్య, దక్షిణ తీరములలో చంపా యను రాజ్యము శతాబ్దములతరబడి వెలసినది. అచ్చటి రాజులు శివుని గొలిచిరి. సంస్కృతమున శాసనములు వేయించిరి. మీసొన్ అను లోయలో వారి ఇటుక గుడులు నేటికిని నిలిచియున్నవి. 1471లో వారి విజయనగరి పడిపోయినది. 1832లో కడపటి తునక కూడ వియత్నాము రాజులలో గలిసిపోయినది. రాజ్యము పోయినను చాములను జాతివారిలో నాటి పేరు నిలిచియున్నది. మలయా దేశస్థులు ఈ పూవును చెంపక యనియు, సయాము దేశస్థులు చంపా యనియు నేటికిని బిలుచుచున్నారు.

పాశ్చాత్య శాస్త్రమునకు ఈ పేరు మలయాళమునుండి పోయినది. కొచ్చిన్‌లో డచ్చివారి యధికారియగు వాన్ రీడ్, ఇట్టి అచ్యుతన్ మొదలగు దేశీయ వైద్యుల సాయమున మలబారు మొక్కలను వర్ణించి పండ్రెండు సంపుటముల గ్రంథమును సిద్ధపఱచెను. అది 1678 మొదలు 1693 వఱకు ఆమ్‌స్టర్‌డాములో నచ్చయ్యెను. మలయాళ లిపి తొలిసారి అచ్చునకెక్కినది ఆ గ్రంథముననే. దాని మొదటి సంపుటమున "చంపకం" గలదు. పిదప 1753లో స్వీడను దేశపు లిన్నేయసు మహాశయుడు లోకమందలి మొక్కలకెల్ల రెండేసి మాటల పేర్లు పెట్టునప్పుడు దీనికి "మికేలియా చంపక" యని పెట్టెను. మికేలి యనువాడు ఇటలీలోని ఫ్లారెన్సు నగరపు వృక్షశాస్త్రజ్ఞుడు. ఈ పద్ధతి మనకు గ్రొత్త గాదు. ఇంటిపేరు ముందు, సొంతపేరు వెనుక, అచ్చముగ తెలుగువారి వరుస! తరువాతి శాస్త్రజ్ఞులు ఈ చెట్టును మాగ్నోలియా ప్రజాతిలో జేర్చిరి. నేడు దాని శాస్త్రనామము "మాగ్నోలియా చంపక". మెట్టినింటి కేగిన పిల్లకు వలె ఇంటిపేరు మాఱినది. అమ్మ పెట్టిన పేరు మాత్రము మాఱలేదు.

ఇక తెలుగువారు ఈ పేరును వాడుకొన్న విధమును జెప్పెదను. ఎక్కడ గాఢమైన పరిమళము తగిలినను మనవారు సంపెంగను స్మరించినారు. ఆకుసంపెంగ గలదు, దానినే తీగసంపెంగ యనియు, మనోరంజిత మనియు నందురు. పచ్చని పూవు ఆకులలో నడగి కంటికి గానరాదు. వాసనయే దానిని బట్టియిచ్చును. నేలసంపెంగ గలదు, అంగళ్లలో లిల్లీపూ లని తెల్లని కాడలు కట్టలుగా నమ్ముదురే, అవి. దాని పుట్టినిల్లు మెక్సికో దేశము. నాగసంపెంగ గలదు, అది నాగకేసరము. అమరకోశమున నాగకేసరమునకు సైతము చాంపేయ మను పేరున్నది. కావున ఒక్క పేరును ఇద్దఱు పట్టాదారులు పంచుకొనుట నేటి మాట గాదు.

ఒకచోట మాత్రము తెలుగువారు మిక్కిలి మెలకువ చూపినారు. ఉత్తరాదిని, లావోసు దేశమునను చంపా యని వేఱొక చెట్టును బిలుతురు. లావోసువారికి అది జాతీయ పుష్పము. తెల్లని రేకులు, నడుమ పసుపుచాయ, త్రుంపిన పాలు కాఱు కొమ్మలు. గుడి యావరణలలో మీరు చూచియే యుందురు. అది అమెరికా ఖండమునుండి వచ్చిన చెట్టు. వాసనను జూచి యితరులు దానిని చంప యన్నారు. మనవారు కొమ్మను విఱిచి పాలను జూచి "దేవగన్నేరు" అన్నారు. నేటి వృక్షశాస్త్రము దానిని గన్నేరు కుటుంబముననే చేర్చినది. పుస్తకము చదువని మన ముత్తవ్వలు పాలనుబట్టి కులమును గనిపెట్టినారు. ఆకుసంపెంగ విషయమున నైనను వారు పూర్తిగ త్రోవ తప్పలేదు. అది సీతాఫలపు కుటుంబము. ఆ కుటుంబము సంపెంగ కుటుంబమునకు దూరపు దాయాది యని శాస్త్రము.

కవుల మాట కొంచెము చెప్పవలెను. తుమ్మెద అన్ని పూవులపై వ్రాలును గాని సంపెంగపై వ్రాల దని కవిసమయము. దీనిపై మనకొక చాటుకథ గలదు. కృష్ణదేవరాయల యాస్థానకవి నంది తిమ్మన యొక స్త్రీ నాసికను వర్ణించి పద్యము చెప్పి ముక్కు తిమ్మన యయ్యె ననియు, ఆ పద్యమును రామరాజభూషణుడు వెలయిచ్చి కొని తన వసుచరిత్రమున జేర్చికొనె ననియు జనులు చెప్పికొందురు. నిజమెట్లున్నను ఆ పద్యము వసుచరిత్రమున గిరికా వర్ణనమున గలదు. తుమ్మెద తన్ను జేరదని గంధఫలి దుఃఖించి తపము చేసి గిరికకు నాసికయై పుట్టిన దట. అప్పుడు కన్నుల చూపులను తుమ్మెదల బారు దాని కిరువైపుల నిలిచిన దట! ఆ యూహ చమత్కారమును మెచ్చుకొననివారుందురా?

శాస్త్రమును ఇచ్చట నొక చక్కని మాట చెప్పుచున్నది. తేనెటీగలు లోకమున వ్యాపింపక మునుపే మాగ్నోలియా కుటుంబపు చెట్లు పుట్టినవట. ఆ కుటుంబపు పూవులలో పుప్పొడిని ఒక పూవునుండి మఱియొక పూవునకు జేర్చు పని ముఖ్యముగ పెంకుపురుగులది. కవి తుమ్మెదకై వగచెను గాని, సంపెంగ కా వగ లేదు. దాని నెచ్చెలులు వేఱు!

తుమ్మెద చేరకున్నను తెలుగు కవి ఈ పూవును విడువలేదు. నన్నయనాటినుండి మన కావ్యములు ముఖ్యముగ ఉత్పలమాలలతోను చంపకమాలలతోను నిండియున్నవి. ఉత్పలమాలకు పాదమున కిరువది యక్షరములు. దాని మొదటి గురువును రెండు లఘువులుగ విడదీసినచో ఇరువదియొక్క యక్షరముల చంపకమాల యగును. గణములు న, జ, భ, జ, జ, జ, ర. యతి పదునొకండవ యక్షరము. సంస్కృతమున నరుదుగ గనిపించు ఈ వృత్తము తెలుగున, కన్నడమున ఇంటింటి వస్తువైనది. పద్యమునకు బూదండ పేరు పెట్టి, ఆ పేరుతోనే వేయేండ్లు బ్రతికిన భాష మనది.

ఇంతవఱకు పేరు మనకు జేసిన మేలు చెప్పితిని. పేరును సరిగ జదువకున్న గలుగు కీడును జెప్పక తీఱదు.

కొన్నియేండ్ల క్రిందట మన యూరి శివాలయము వెనుక వీధిలో నొక గృహస్థుని పెరట పెద్ద సంపెంగచెట్టుండెడిది. వేసవి సాయంకాలములందు వీధి మొగమొననే వాసన తగిలెడిది. గుడికి బూవులు అచ్చటినుండియే వచ్చెడివి. సంపెంగ వాసనకు పాములు వచ్చునని యెవరో ఆ యింటివారితో జెప్పిరి. నాగసంపెంగ యను పేరే యున్నది గదా, నాగులు రాకుండునా యని మఱియొకరు పలికిరి. చిన్నపిల్లలున్న యిల్లు, వారు భయపడిరి. ఒక్క పూటలో చెట్టు నేలగూలినది. వారిని నేను తప్పుపట్టను. బిడ్డల క్షేమము కంటె నెవరికిని చెట్టు ఎక్కువ గాదు. కాని ఆ భయమునకు ఆధార మున్నదా యని విచారించుట మన విధి.

నాగసంపెంగ వేఱు, మన సంపెంగ వేఱు, ఇందాక జెప్పితిని. నాగ శబ్దమునకు పా మనియే గాక ఏను గనియు, మఱి యితరములును అర్థములు గలవు. ఒక చెట్టు పేరిలోని మాటకు ఒక యర్థమును మాత్రమే పట్టుకొని, ఆ దోషమును వేఱొక చెట్టు నెత్తిన బెట్టితిమి. ఇక పాము సంగతి. అది నాలుకను చాచి గాలిలోని, నేలమీది వాసనను నోటి లోపలి యొక యవయవమున కందించుకొని తన యెర జాడ దీయును. దానికి గావలసినవి ఎలుకలు, కప్పలు. పూవుతో దానికి బని లేదు. చెట్టు మొదట కట్టెలు, పెంట, రాలిన యాకులు కుప్పలుగ నుంచినచో ఎలుకలు చేరును. ఎలుకలకై పాము వచ్చును. అది మల్లెపొద యైనను, గడ్డివామి యైనను ఒక్కటే. ఊడ్చి శుభ్రము చేయవలసినచోట గొడ్డలి వేసితిమి.

ఆ చెట్టు పోయిన పిదప మన యూర సంపెంగ లేదు. బడిపిల్లలను "సంపెంగ యెట్లుండు"నని నేనడుగగా, ఒకడు నూనెసీసా వాసన చెప్పినాడు. ఒకడు చంపకమాల గణములు చెప్పినాడు. ఇద్దఱును తెలివిగలవారే. పూవును మాత్రము ఇద్దఱును చూడలేదు. పేరు నిఘంటువున భద్రముగ నున్నది. కాని చూపుటకు చెట్టు లేనియెడల ఆ పేరు చింతలు లేని చింతలచేను వంటిదే యగును. అట్లే చెట్టుండి పేరు మఱచితిమేని, దాని గుణమును, దాని కథను పిల్లలకు జెప్పు దారి మూతపడును. పేరును గాపాడుట గ్రంథాలయము పని. చెట్టును గాపాడుట ఊరి పని.

కావున ఈ రజతోత్సవ సందర్భమున రెండు మనవులు చేయుచున్నాను.

మొదటిది: ఈ గ్రంథాలయపు ఆవరణలో నొక సంపెంగ మొక్కను నాటుదము. గింజను నిలువయుంచిన త్వరలోనే మొలకశక్తి పోవును. కాయ పగిలి ఎఱ్ఱని పొర గల గింజలు కనబడగనే తీసి, ఆ పొరను కడిగి నాటవలెను. గింజమొక్క పూయుటకు చాల యేండ్లు పట్టును. అంటుమొక్క శీఘ్రముగ పూయును. సంపెంగలకు బేరుగన్న సింహాచలము మన తెలుగుదేశముననే యున్నది. నీరు నిలువని చోటు చూచి, మొదటి వేసవులలో తడి యారకుండ పిల్లలే వంతులు వేసికొని కాపాడవలెను. చెట్టు మొదటి చోటు ఎప్పుడును ఊడ్చి యుంచుదము. అప్పుడు పాము భయ మెవ్వరికి నుండదు.

రెండవది: ఇక్కడ నొక నోటు పుస్తకమును ఉంచుదురని కార్యవర్గమువారిని వేడుచున్నాను. మీ యింటి పెద్దల కెఱుకయైన పూవుల, చెట్ల, తీగెల పేర్లను, ఒకే పేరుతో రెండు మొక్కలున్నచో వాని భేదములను, అవి యుండు చోట్లను అందు వ్రాయుడు. చదువురాని యవ్వ చెప్పినను మనుమడు వ్రాయవచ్చును. దేవగన్నేరునకు సరియైన పేరు పెట్టినది అట్టి యవ్వలే గదా. పొలము హద్దులకు పుస్తకమున్నట్లే పూవుల పేర్లకును నొక పుస్తక ముండవలెను; లేకున్న తగవు వచ్చినప్పుడు తీర్పు చెప్పుట కాధార ముండదు.

ఈ గ్రంథాలయమును నిలిపిన దాతలకును, దీపము వెలిగించి తలుపు తీసిన కార్యకర్తలకును, పుస్తకమును శుభ్రముగ దిరిగియిచ్చిన చందాదారులకును ఊరు ఋణపడియున్నది.